రోజుకి ఒక్క పేరే

మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి మందుల గోడౌన్ గేటు దాటేటప్పుడు కాటాలాయన చేతిలో ఉన్నవి మూడు. ఎవరు ఏ సరుకు వదిలారో కంప్యూటర్ రాసుకున్న తొంభై రోజుల లాగ్ కాగితాల కట్ట ఒకటి. చలిగది తలుపుకి వేలాడే ఉష్ణోగ్రతల పట్టీ నకలు ఒకటి. మూడోది, రెండు గంటల పది నిమిషాల సమయం. సరిగ్గా నాలుగింటికి విజిలెన్స్ ఆఫీసరు తన రిపోర్టు మీద సంతకం పెడతాడు. ఆ సంతకం పడితే స్టోరు చూసే అక్క ఉద్యోగం పోతుంది, కేసు పోలీసుల చేతికి వెళుతుంది.

ముప్పై ఏళ్ళు కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు అమ్మినవాడు, బాగుచేసినవాడు ఆయన. చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని మానేసి, వ్యాపారుల మధ్య చిక్కుముళ్ళు విప్పే పని పట్టాడు. పని మారినా పిలుపు మారలేదు. ఎక్కడికి వెళ్ళినా చేతిలో ఏముందో వెళ్ళేముందు చూసుకోవడం, వచ్చేటప్పుడు ఏం మిగిలిందో చూసుకోవడం ఆయనకి అలవాటు.

జరిగింది ఇది. లారీలో చలిమిషను పాడై వేడి తగిలిన వంద పెట్టెల ఇంజెక్షన్లని, పరీక్ష అయ్యేవరకూ కదపకూడదని ఆపి ఉంచారు. మంగళవారం ఉదయం పదకొండూ నలభై రెండుకి ఎవరో కంప్యూటర్లో ఆ ఆంక్ష ఎత్తేసి అరవై పెట్టెలు బయటికి పంపారు. ఒక ఆసుపత్రిలో నర్సు సీసాలో రంగు తేడా కనిపెట్టి సూది ఆపింది కాబట్టి ప్రాణాలు నిలిచాయి. అరవై పెట్టెలూ వెనక్కి వచ్చాయి. ఎత్తేసినవారు ఎవరని లాగ్ తెరిస్తే, స్టోరు అక్క అని ఉంది.

అక్క తన చిన్న గదిలో కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేచింది.

"అన్నయ్యా, నువ్వొస్తావని మా తమ్ముడు చెప్పాడు గానీ నమ్మలేదు."

"కూర్చో. ముందు ప్రశ్నలు, తర్వాత ఏడుపు. మంగళవారం ఎన్నింటికి వచ్చావు?"

"ఎప్పుడూ వచ్చే టైముకే. ఎనిమిదికి."

"నీకంటే ముందు ఎవరైనా?"

"నాకంటే ముందా?" ఆ స్థితిలోనూ ఆమెకి నవ్వొచ్చింది. "ఇరవై ఆరేళ్ళలో వాచ్‌మన్ తప్ప ఎవరూ రాలేదు."

"సిస్టమ్ తెరిచింది?"

"ఎనిమిదీ ఐదుకి. మొదటి బ్యాచ్ ఎనిమిదీ పదికి వదిలాను, అది మంచి సరుకే. పదకొండున్నరకి లాగౌట్ చేసి చలిగదిలోకి వెళ్ళాను. బయటికొచ్చేసరికి పదకొండూ యాభై."

"లాగౌట్ చేశావా, చేశాననుకున్నావా?"

"తలుపుకి తాళం వేసి లాగి చూస్తాం కదా, నేను అదీ అలాగే చేస్తాను. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదు. నా మొగుడికే తెలీదు."

"ఆయనకి తెలిసినా మర్చిపోతాడులే. ఈరోజు నిన్ను సిస్టమ్ ముట్టుకోనిచ్చారా?"

"అదే అన్నయ్యా నాకు దిగమింగుకోలేకుండా ఉంది." ఆమె కొంగు కళ్ళకి అద్దుకుంది. "పొద్దున పెద్దాయన ఫోను చేశారు. రిపోర్టు వచ్చేదాకా నీ కుర్చీ నీదేనమ్మా, రోజూలాగే ఎనిమిదికి వచ్చి మొదటి బ్యాచ్ నీ చేత్తోనే వదులు అన్నారు. అలాగే వదిలాను. లోకమంతా దొంగన్నా ఆయన అనలేదు."

కాటాలాయన ఆ మాట విని తల పంకించాడు. గోడౌన్ యజమాని పెద్దాయన ఆయనకీ పాతవాడే. ఇంత గోడౌన్ కాకముందు, నాలుగు అలమరాల కొట్టుగా ఉన్నప్పుడు ఆయనకి మొదటి కాటా అమ్మింది తనే. అప్పుడు పెద్దాయన చొక్కా చేతులు మడిచి పురికొస తనే తెంపి పొట్లాలు కట్టేవాడు. కొత్తగా చేరిన అక్కకి చీటీ రాయడం నేర్పింది కూడా ఆయనే. గల్లా పక్కన గోడకి ఒక పొడుగాటి మేకు, దానికి రోజంతా పంపిన సరుకుల చీటీలు. సాయంత్రం వాళ్ళిద్దరూ, ఇంకో గుమాస్తా కలిసి కూర్చుని ఆ చీటీలు ఊడదీసి చూసుకుంటుంటే, కాటా బాగుచేసే నెపంతో తనూ అక్కడే కాసేపు కూర్చునేవాడు. ఆ గంటకోసమే ఆ వీధికి అన్నిటికంటే చివర వెళ్ళేవాడు.

"పద, చలిగది చూపించు," అన్నాడు.

చలిగది తలుపు పక్కన మందపాటి కోటు కొక్కేనికి ఉంది. ఉష్ణోగ్రతల పట్టీ అట్టకి బిగించి ఉంది, దానికి దారంతో కట్టిన పెన్సిలు. లోపల చలికి పెన్ను మొరాయిస్తుందని పెన్సిలు పెట్టారు. మంగళవారం వరసలో పదకొండూ ముప్పై ఐదు, నలభై, నలభై ఐదు అని మూడు అంకెలు, పక్కన అక్క పొట్టి సంతకాలు. లోపల కంప్యూటర్ లేదు, ఫోనుకి సిగ్నల్ అందదు. స్టోరు గది కుర్చీ దాకా ఆయన అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. తొంభై ఆరు అడుగులు. కోటు విప్పి, వెళ్ళి, లాగిన్ అయ్యి, పని ముగించి, మళ్ళీ కోటు తొడుక్కుని రావడానికి ఐదు నిమిషాలు చాలవు.

"ఏం తూస్తున్నారు, కాటాలాయనా?"

వెనకనుంచి విజిలెన్స్ ఆఫీసరు. మెడకి టై, చంకలో ఫైలు. బీమా కంపెనీ పంపిన మనిషి. గతంలో రెండు కేసుల్లో వీళ్ళిద్దరూ ఎదురెదురు పడ్డారు. చెరొకటి గెలిచారు.

"ఈ పట్టీ తూస్తున్నాను సార్."

"పెన్సిలు రాత. సాయంత్రం తీరిగ్గా కూర్చుని కూడా రాయొచ్చు. కోర్టులో ఒక్క నిమిషం నిలబడదు. లాగ్ అలా కాదు. లాగ్ అబద్ధం చెప్పదు."

"చెప్పదు. ఎవరు ఏం చెబితే అది రాసుకుంటుంది పాపం."

"మాటలకేం లోటు లేదు. ఆవిడ పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చి ఉంటే అదీ నేరమే. ఎటు తిప్పినా ఆవిడే." ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "రెండూ ఇరవై ఐదు. నాలుగింటికి మిమ్మల్ని ఇంటి దగ్గర దింపమంటారా?"

"దింపుదురుగాని. అప్పటిదాకా నాతో తిరగండి, ఒక్కడినే విసుగ్గా ఉంది."

ఆఫీసరు పోలేదు. ఈ ముసలాయన ఏం పట్టుకుంటాడోనన్న గుబులు ఆయనకీ ఉంది.

స్టోరు గది బల్ల మీద కాటాలాయన తొంభై రోజుల లాగ్ పరిచాడు. వరసకి ఒక తేదీ, సమయం, బ్యాచ్ నంబరు, వదిలినవారి పేరు. ఆయన సమయాలు చూడలేదు, బ్యాచ్ నంబర్లూ చూడలేదు. పేర్ల వరస ఒక్కటే వేలితో కిందికి జరుపుకుంటూ పోయాడు. పది నిమిషాలు గడిచాయి. వేలు ఆగింది.

"అమ్మా, సరుకు వదిలే అధికారం ఎంతమందికి?"

"ముగ్గురికి. నాకు, నా అసిస్టెంటుకి, పెద్దాయనకి."

"ముగ్గురూ వదులుతారా?"

"రోజూ. మధ్యాహ్నం ఎక్కువ మా అసిస్టెంటే. పెద్దాయన పైనుంచి ఒకటీ అరా."

"మన పాత కొట్టులో మేకు గుర్తుందా?"

అక్క ముఖం మెత్తబడింది. "ఎందుకు గుర్తుండదు? గుచ్చుకుని రక్తం వచ్చింది కూడా."

"సాయంత్రం చీటీలు ఊడదీస్తే ఎన్ని రాతలుండేవి?"

"మూడు. నీ ముందే కదా చూసేవాళ్ళం. ఆయన రాత కోడి కెలికినట్టు ఉంటుందని నువ్వు ఏడిపించేవాడివి."

కాటాలాయన కాగితాల కట్ట ఆఫీసరు వైపు తిప్పాడు. "సార్, ముగ్గురు పనిచేసే గల్లా ఇది. ఈ తొంభై రోజుల్లో రెండు పేర్లున్న రోజు ఒక్కటి చూపించండి."

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని తిప్పాడు. ఇంకో కాగితం తిప్పాడు. ఎనభై నాలుగు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్క పేరే. ఆరు రోజులు మొత్తం అసిస్టెంటు పేరే.

"ఆ ఆరు రోజులూ నేను సెలవు," అంది అక్క మెల్లిగా.

"నువ్వు ఐదున్నరకి ఇంటికెళ్తావు. ఇదిగో, ఆరూ నలభైకి నీ పేరు. ఇదిగో, ఏడూ పదికి. రోజుకి ఒక్క పేరే. ఆ రోజు ఎవరు ముందొస్తే వాళ్ళ పేరు."

ఆఫీసరు తన ఫైలు మూసేశాడు.

ముగ్గురూ వెళ్ళిన ప్రోగ్రామరు గది మెట్ల కింద ఉంది. పాతికేళ్ళ అమ్మాయి, ఈ వెబ్ అప్లికేషన్ మొత్తం ఒక్కతే రాసింది. లాగ్‌లోకి పేరు ఎలా వస్తుందని కాటాలాయన అడిగిన మొదటి ప్రశ్నకే ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"అంకుల్, సరుకు వదిలితే వెంటనే లాగ్‌లో పడదు. లేబుళ్ళు అచ్చవ్వాలి, రవాణా కాగితాలు తయారవ్వాలి, మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. అంతసేపు పేజీ ముందు కూర్చోబెట్టలేం కదా. అందుకని ఆ పని వెనకాల ఒక థ్రెడ్‌కి అప్పగించాను."

"థ్రెడ్ అంటే?"

"వెనక గదిలో పనిచేసే మనిషి అనుకోండి. లాగిన్ అయినవాళ్ళ వివరాలు సెషన్‌లో ఉంటాయి. అది ముందు గల్లా దగ్గరే దొరుకుతుంది. పేజీ జవాబు వెళ్ళిపోయాక వెనక థ్రెడ్ సెషన్ అడిగితే ఏమీ రాదు, ఖాళీ. మొదట్లో ప్రోగ్రాం అక్కడే ఆగిపోయేది."

"మరి పేరు ఎలా తెచ్చావు?"

"థ్రెడ్ పుట్టేటప్పుడు, ఎవరి కోసం పుట్టిందో వాళ్ళ పేరు దానికి అంటించాను. పరీక్షిస్తే సరిగ్గానే వచ్చింది. ఒక్కో పనికి ఒక్కో కొత్త థ్రెడ్ పుట్టేది, అందుకని." ఆమె గొంతు తగ్గింది. "మూడు నెలల కిందట నెమ్మదిగా ఉందన్నారు. అప్పుడు పనికొకటి పుట్టించడం మానేసి, ఒకే థ్రెడ్‌ని రోజంతా నిలబెట్టి వాడుకున్నాను. తెల్లారగట్ల ఐదింటికి సర్వర్ తనంతట తను ఆగి మళ్ళీ లేస్తుంది. ఆ తర్వాత మొదటి బ్యాచ్ ఎవరు వదిలితే..."

"వాళ్ళ పేరు వాడి చొక్కాకి కుట్టేశావు. తర్వాత ఎవరి చీటీ లోపలికి వచ్చినా వాడు చొక్కా చూసుకుని ఆ పేరే రాస్తున్నాడు."

అమ్మాయి తల దించుకుంది.

"కథ బాగుంది," అన్నాడు ఆఫీసరు. "రుజువు?"

"మీరే రుజువు. పరీక్షల కోసం వేరే నకలు ఉంటుంది కదమ్మా? దాన్ని ఆపి లేపి, మా ఇద్దరికీ అందులో చెరో లాగిన్ ఇవ్వు. సార్, మీ లాగిన్‌తో ఒక ఉత్తుత్తి బ్యాచ్ వదలండి."

ఆఫీసరు వదిలాడు. లాగ్‌లో ఆయన పేరు పడింది.

"ఇప్పుడు లాగౌట్ చేయండి. కావాలంటే అలా వరండాలోకి వెళ్ళి రండి."

ఆఫీసరు నిజంగానే వెళ్ళి వచ్చాడు. ఆయన వచ్చేసరికి కాటాలాయన ఒక వేలితో వెతుక్కుంటూ తన లాగిన్ కొట్టి ఇంకో బ్యాచ్ వదిలాడు. నాలుగు జతల కళ్ళు తెర మీద నిలిచాయి. మూడు నిమిషాల తర్వాత వరస పడింది. వదిలినవారు: విజిలెన్స్ ఆఫీసరు.

"నేను లాగౌట్ చేశాను!" అని ఆయన గట్టిగా అన్నాడు.

"మీరు బయటికి వెళ్ళారు సార్. మీ పేరు మాత్రం లోపలే కూర్చుంది. నాలుగింటికి మిమ్మల్ని పోలీసులకి అప్పగించమంటారా?"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు మెడ దగ్గర టై వదులు చేసుకున్నాడు. ఆయనే అన్నాడు, "సరే. ఈవిడ కాదు. మరి మంగళవారం నొక్కింది ఎవరు?"

"పేరు అంటించే పని ఎలా చేయాల్సిందో తెలుసా అమ్మాయీ," అన్నాడు కాటాలాయన. మందలింపులా కాదు, ఏదో తలుచుకుంటున్నట్టు. "మా రోజుల్లో వెనక గదికి చీటీ పంపితే, పంపినవాళ్ళ సంతకం ఆ చీటీ మీదే ఉండేది. లోపలి మనిషి గల్లా వైపు తొంగి చూసే పనే లేదు. గల్లా దగ్గర మనిషి మారినా, కొట్టు మూసేసినా, చీటీ చీటీయే."

"పనితోపాటే పేరు పంపడం. అలాగే చేయాలి అంకుల్, తెలుసు. ఈ రాత్రికే మారుస్తాను."

"ముందు మంగళవారం సంగతి. గల్లా దగ్గరికి ఎవరు వచ్చారో రాసుకునేది ఇంకేదైనా ఉందా?"

"ఉంది. సర్వర్ గుమ్మం దగ్గర వేరే చిట్టా. పేరు ఉండదు, ఏ కంప్యూటర్ నుంచి అడిగారో ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలు వెనక్కి వెళ్ళి చూడాలి." ఆమె వెతికింది. పదకొండూ ముప్పై ఎనిమిది. పేజీ: ఆంక్ష ఎత్తివేత. ఎదురుగా ఉన్న అంకె చూసి ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

"ఏంటమ్మా?"

"ఏడో నంబరు కంప్యూటర్."

"అది ఎక్కడుంటుంది?"

అమ్మాయి అక్క వైపు చూసింది. అక్కే చెప్పింది. "పై అంతస్తు. పెద్దాయన గది."

కాటాలాయన కళ్ళ ముందు పురికొస తెంపుతున్న మనిషి కనిపించాడు. "ఆయనకి ఈ తప్పు సంగతి తెలుసా?" అని అడిగాడు, తెలీదని వినాలన్న ఆశతో.

"మూడు నెలల కిందట ఫిర్యాదు పంపారు," అంది అమ్మాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను వదిలితే అక్క పేరు పడుతోందేంటి అని. చూస్తాను సార్ అన్నాను. మర్నాడు ఆయనే ఫోను చేసి, ఫర్వాలేదు, అదేమంత పెద్ద విషయం కాదు, మూసేయ్ అన్నారు. పని తప్పిందని సంతోషించాను నేను."

"రోజూలాగే ఎనిమిదికి రా, మొదటి బ్యాచ్ నీ చేత్తోనే వదులు," అని కాటాలాయన మెల్లిగా అన్నాడు, అక్కకి పొద్దున వచ్చిన ఫోను మాటలు. అక్క అది విని గోడకి ఆనుకుంది. రోజంతా తన పేరు దొరకడం కోసమే ఆ కుర్చీ అట్టేపెట్టారని అప్పుడు అర్థమైంది ఆమెకి.

"ఆగండి," అన్నాడు ఆఫీసరు. "ఈరోజు మళ్ళీ ఈవిడ పేరు కావలసిన అవసరం ఏమొచ్చింది ఆయనకి?"

"వందలో అరవై వెనక్కి వచ్చాయి. కదలని నలభై?" కాటాలాయన అక్క వైపు తిరిగాడు.

"చలిగదిలోనే ఉన్నాయి. నాలుగింటికి లారీ ఉంది. దూరపు ఆసుపత్రులకి."

అప్పుడు టైము మూడూ నలభై ఐదు. అమ్మాయి అసలు సర్వర్ చిట్టా తెరిచింది. చివరి వరస మూడూ నలభై మూడుది. ఏడో నంబరు కంప్యూటర్. ఆంక్ష ఎత్తివేత. వాళ్ళు చూస్తుండగానే పక్కన లాగ్‌లో కొత్త వరస పడింది. నలభై పెట్టెలు. వదిలినవారు: స్టోరు అక్క.

అక్క రెండు చేతులూ పైకెత్తి ఆఫీసరుకి చూపించింది.

ఆఫీసరు అప్పటికే గేటుకి ఫోను చేస్తున్నాడు. "లారీ కదిలితే నీ ఉద్యోగం పోతుంది. ఎవరు చెప్పినా సరే తీయొద్దు. మీ పెద్దాయన చెప్పినా సరే!" ఫోను పెట్టేసి కాటాలాయన వైపు చూశాడు. "రెండు ఒకటి అయ్యింది, రాసుకోండి."

"నేను రాసుకోను సార్. మీరు గేటు మూయకపోతే నాకు దొరికింది ఏముంది?"

ఐదు నిమిషాలకి బల్ల మీద ఇంటర్‌కం మోగింది. అమ్మాయి భయపడి వెనక్కి జరిగితే అక్క స్పీకరు నొక్కింది.

"లారీ ఎందుకు ఆపారు?" పెద్దాయన గొంతు. వయసు పడ్డా అదే గొంతు. "ఎవరమ్మా అక్కడ?"

"నేనే పెద్దాయనా."

"నువ్వా... ఇంకా ఉన్నావా? మంచిదే. గేటుకి ఒక మాట చెప్పు తల్లీ. నువ్వు చెబితే వింటారు."

"పురికొసకి ముడి ఎలా వేయాలో మీరే నేర్పారు నాకు," అంది అక్క. "విప్పడానికి వీలుగా వేయాలి, తప్పయితే మళ్ళీ మనమే విప్పుకోవాలి కదా అన్నారు. ఈ ముడి మీరు నా మెడకి ఎప్పుడు వేశారు? మూడు నెలల కిందటేనా?"

కాటాలాయన ముందుకి వంగాడు. తిట్టాలనుకున్నాడు, నోరు రాలేదు. "మేకు గుచ్చుకున్నప్పుడు దీని వేలికి గుడ్డ కట్టింది నువ్వే కదయ్యా," అన్నాడు. ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆఫీసరు ఫైలు తెరిచి, రిపోర్టులో అక్క పేరున్న చోటల్లా గీత కొట్టాడు. మొత్తం పదకొండు చోట్ల. అక్క ఆ పెన్ను కదలికలనే చూస్తూ నిలబడింది.

"అయితే అన్నయ్యా," అంది చివరికి, "ఈ తొంభై రోజుల్లో నా పేరు మీద ఉన్న మంచి పనుల్లోనూ సగం నావి కాదన్నమాట."

"కాదు. కానీ పాడు పనులు ఒక్కటీ నీది కాదు." అంటూనే ఆయన ఆగాడు. ఆ మాట ఆయన్నే పట్టుకుంది. ఒక్కటీ అంటే, ఎన్ని? "అమ్మాయీ, ఆ గుమ్మం చిట్టాలో ఇంకోటి చూడు. ఆపి ఉంచిన బ్యాచ్‌లు ఏడో నంబరు నుంచి వదిలినవి, మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా."

ఆమె వేళ్ళు కదిలాయి. వరసలు ఒకదాని కింద ఒకటి పడుతూ పోయాయి. ఆగాక ఆమె లెక్కపెట్టింది, నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇవాళ్టిది కాకుండా తొమ్మిది అంకుల్. మంగళవారంది తొమ్మిదోది."

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది.

నాలుగు కొట్టింది. కాటాలాయన చేతిలో ఏం మిగిలిందో చూసుకున్నాడు. నిలబడింది ఒక పేరు. ఆగింది నలభై పెట్టెలు. సాయంత్రం పూట వెళ్ళి కూర్చునే కొట్టు ఒకటి ఆయన లోపల ఇన్నేళ్ళూ తెరిచే ఉండేది, అది ఇవాళ్టితో మూతపడింది. దొరికిన వాటిలో అన్నిటికంటే బరువైంది మాత్రం తెర మీద ఉంది. ఇంతవరకూ ఎవరూ అడగని, ఏ నర్సు కంటా పడని ఎనిమిది బ్యాచ్‌లు. మొదటిది బయటికి వెళ్ళి ఎనభై ఒక్క రోజులు.